ఇల్లని చెప్పిన కొట్టు

భవానీపురంలో రత్తయ్య గారి రంగుల కొట్టు పొద్దున తొమ్మిదింటికి తెరుచుకునేది. ఆయన షట్టరెత్తి, గుమ్మంలో నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించి బేరాలకు కూర్చునేవాడు. భార్య శివపార్వతి మేడమీద వంట చేసుకునేది.

ఆ ఏడు ఆస్తిపన్ను కోసం కొలతలు తీసే మనిషి వచ్చాడు. కొట్టంటే పన్ను ఎక్కువ పడుతుందని రత్తయ్య డబ్బాలమీద దుప్పటి కప్పి, పక్కన మంచం వేసి, "కింద కూడా మేం కాపురముండేదేనండీ" అన్నాడు.

యజమాని చెప్పాక కట్టడాలు కాదనవు కదా. మర్నాటికి కొట్టు ఇల్లయి కూర్చుంది.

ప్రైమరు డబ్బా కోసం వచ్చిన పెయింటరు బాలశౌరి చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, మంచంమీద కూర్చున్నాడు.

"అక్కా, కాసిని మంచినీళ్ళు."

నీళ్ళ తర్వాత కాఫీ వచ్చింది. కాఫీ తర్వాత భోజనమూ అయింది. చివరికి డబ్బా చంకన పెట్టుకుని, "వెళ్ళొస్తా బావగారూ" అని వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చినవాణ్ణి డబ్బులడగడానికి రత్తయ్యకు నోరు రాలేదు. వచ్చినవాళ్ళందరిదీ అదే వరస. శివపార్వతి మాత్రం గ్యాస్ పొయ్యి కిందికి దింపించుకుని, కూనిరాగాలు తీస్తూ వండసాగింది.

దసరాకల్లా అలమరలు ఖాళీ. కంపెనీవాళ్ళు సరుకు ఆపేశారు. ఇక కొట్టు మూతపడేలా ఉందని రత్తయ్య పన్నుల సలహాలిచ్చే ఆడిటరు జానకి గారి దగ్గరకు పరుగెత్తాడు.

"మీరు ఇల్లన్నారు, అది ఇల్లయింది" అంది ఆవిడ. "హనుమాన్ జంక్షన్‌లో ఒకాయన కల్యాణమండపాన్ని పశువులపాక అని చెప్పాడు. పెళ్ళివారు ఇప్పటికీ నిలబడే తింటున్నారు."

"పోనీ, సగం ఇల్లు, సగం కొట్టు అందామా అమ్మా?"

"అప్పుడు ఒక కాలి చెప్పే విప్పుతారు. పన్ను తగ్గించే దారులు నేను చూస్తాను గానీ, ఉన్నది మార్చి చెప్పకండి. ముందు వెళ్ళి, ఇప్పుడక్కడ ఏముందో చూసి రండి."

వెళ్ళి చూశాడు. డబ్బాల్లేవు. బల్లలు, అరిటాకులు, వాటి ముందు జనం. శివపార్వతి గోంగూర వడ్డిస్తోంది.

"నిలబడి చూస్తారేంటండీ? ఆ చారు గిన్నె ఇటు అందుకోండి."

అందించాడు. చారు వాసనకి తనకూ ఆకలేసింది. కాసేపు ఆలోచించి జానకి గారికి ఫోన్ చేశాడు.

"భోజన హోటలమ్మా. పన్ను ఎంత పడితే అంత కడదాం. మా ఆవిడ పేరున పెట్టండి."

మర్నాడు బాలశౌరి చెప్పులతోనే లోపలికొచ్చాడు. కడుపునిండా తిని, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న శివపార్వతికి అడక్కుండానే డబ్బులిచ్చాడు. తర్వాత రత్తయ్య వైపు తిరిగి, "ఏమయ్యా, అక్కడ ఆకు తియ్యి" అన్నాడు.

భుజంమీదికి తువ్వాలు ఎప్పుడొచ్చిందో రత్తయ్యకు తెలీదు. దాన్ని సర్దుకుని, వెళ్ళి ఆకు తీశాడు.