దిద్దకుండా వినడం

అయినా తప్పును తప్పని చెప్పకపోతే పిల్లకు తెలిసేదెలా, రేపు ఎవరో నలుగురిలో దిద్దేకంటే ఇంట్లో తండ్రి దిద్దడం నయం కదా, ఆ మాటకొస్తే చిన్నప్పుడు తనను దిద్దినవాళ్ళ మీద తనకెప్పుడూ కోపం లేదు, లేదనే అనుకుంటున్నాడు, వాళ్ళ ముఖాలు మాత్రం ఎందుకో బాగా గుర్తున్నాయి. నతానియేలు చాప అంచున కూర్చుని ఈ వాదన లోలోపలే సాగిస్తున్నాడు. ఎదుట వాదించేవాళ్ళెవరూ లేరు. పామర్రు కమ్యూనిటీ హాల్లో శనివారం మధ్యాహ్నాలు జరిగే 'అమ్మానాన్నల బడి'కి అతను రావడం ఇదే మొదలు. ఫ్యాను కింద చోటు దొరకలేదు. ఐదేళ్ళ కూతురు శాలిని పక్కనే, అతనికి తగలకుండా కూర్చుంది.

తగలకుండా కూర్చుందన్నది అతను గమనించాడు. ఉక్కగా ఉంది కదా, అందుకే అయివుంటుంది అని సర్దిచెప్పుకున్నాడు.

అతను విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇంటర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్. సాయంత్రం బస్సు దిగి ఇంటి దాకా వచ్చేసరికి శాలిని మాటలు వీధిలోకి వినిపిస్తాయి. గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఆగిపోతాయి. చాలాకాలం దాన్ని క్రమశిక్షణ అనుకున్నాడు. పోయినవారం భార్య డయానా ఆ భ్రమ తీసేసింది.

"మీరు లేనప్పుడు అది వసపిట్టండీ. మీరొస్తే నోరు కుట్టేసినట్టుంటుంది."

"భయమా?"

"భయమైతే ఏడుస్తుంది కదా. మీతో మాట్లాడ్డం దండగనుకుంటోంది. ప్రతి ముక్కకీ మార్కులేస్తారు మీరు. నాకే విసుగొస్తుంది."

ఐదేళ్ళ పిల్ల దండగ అనుకోగలదా? మర్నాడు బస్సులో ఉయ్యూరు దాటేదాకా ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. మొన్నీమధ్య ఆదివారం చర్చిలో పిల్లల చేత బైబిలు కంఠత వాక్యాలు చెప్పించారు. శాలిని రెండో ముక్క దగ్గర ఆగింది. అతను కుర్చీలోంచి అందించాడు. మళ్ళీ ఆగింది, మళ్ళీ అందించాడు. చివరికి వాక్యం పూర్తయింది, సభంతా చప్పట్లు కొట్టింది. ఆ వాక్యం అందరికీ వినిపించింది తన గొంతుతోనే అన్న సంగతి అప్పుడతనికి తట్టలేదు. కూతురికి సాయం చేశాననే అనుకుంటూ ఇంటికి నడిచాడు. ఈ పిల్ల నాతో ఇక మాట్లాడదేమో అనే ఆలోచన బస్సులోనే మొదటిసారి వచ్చింది. దాన్ని పూర్తిగా ఆలోచించకుండా కిటికీలోంచి వరి మళ్ళను చూశాడు. శనివారం క్లాసుకు నేను తీసుకెళ్తానని ఆ రాత్రే డయానాతో అన్నాడు.

క్లాసు నడిపే సింధూరి అందరికీ తలొక బొమ్మల పుస్తకం పంచింది.

"ఇందులో అక్షరాల్లేవేంటమ్మా? ప్రింటింగు తప్పా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"కావాలనే లేవండీ. కథ పిల్లలు చెప్తారు. మీరు దిద్దకూడదు, అందించకూడదు, ఇదేంటి అదేంటి అని అడక్కూడదు."

"మరి మేమెందుకు, టీ తాగిపోడానికా?" అంది పక్క చాప మీద మనవడితో కూర్చున్న సుబ్బరత్నం.

"వినడానికండీ," అంది సింధూరి నవ్వుతూ.

శాలిని మొదటి పేజీ తెరిచింది. కాలువ, వంతెన, వంతెన మీద బస్సు, నీళ్ళలోంచి ఎగిరిన చేప. చాలాసేపు చూసి, "చేప బస్సెక్కింది," అంది.

ఎక్కలేదు. బస్సు దూరంగా ఉంది, చేప దగ్గరగా ఉంది, అందుకే అలా కనిపిస్తోంది. వివరణ మొత్తం గొంతులో సిద్ధంగా ఉంది. అతను పెదాలు బిగించాడు. నియమం నియమమే.

శాలిని అతని ముఖం చూసింది. పేజీ తిప్పింది. "కండక్టరు టికెట్టు డబ్బులడగలేదు. ఆడ చేప కదా."

ఆడవాళ్ళకి బస్సు ఉచితమైనా సున్నా టికెట్టు తీసుకోవాలి, ఆధార్ చూపించాలి. అతను ఇంకా గట్టిగా బిగించుకున్నాడు. శాలిని మళ్ళీ అతని ముఖం చూసింది. ఈసారి పేజీ తిప్పలేదు.

"ఏవండీ మాస్టారూ," అంది సుబ్బరత్నం, "పరీక్ష హాల్లోకి స్క్వాడ్ వచ్చినట్టు అలా బిగదీసుక్కూచున్నారేంటండీ? పిల్ల బొమ్మలు చూస్తదా, మీ మొహం చూస్తదా?"

"మాట్లాడకూడదన్నారు కదండీ."

"నువ్వు ఊ కొట్టట్లేదు," అంది శాలిని. అందులో నిష్ఠూరం లేదు. కూరలో ఉప్పు లేదని చెప్పినట్టు చెప్పింది.

"మాట్లాడకూడదంట కదమ్మా."

"ఊ కొట్టడం మాట్లాడ్డం కాదు నాన్నా."

పాఠం అప్పజెప్పే పిల్లాడికి తల ఊపడం అతనికి తెలుసు. అది ఒప్పుకి వేసే మార్కు. ఇక్కడ ఒప్పేదో తనకే తెలియదు. చేప బస్సెక్కిందన్న మాటకు ఊ అంటే తనూ ఆ బస్సెక్కినట్టే, అది ఎక్కడ ఆగుతుందో ఈ పిల్ల చెప్పేదాకా తెలియదు. చర్చిలో ఆ వాక్యంలో తరువాతి మాట తనకు తెలుసు, అందుకే అందించగలిగాడు. తన ఇబ్బంది తప్పుతో కాదేమో, తరువాతి మాట తెలియకపోవడంతో అయివుంటుంది. ఈ ఆలోచన అతనికి కొత్తగా, కొంచెం అవమానంగా కూడా తోచింది. పరిశీలించదగ్గ విషయమే, రాత్రి తీరిగ్గా ఆలోచించాలి అనుకున్నాడు. అలా వాయిదా వెయ్యడం తన అలవాటని కూడా అప్పుడే గ్రహించాడు.

పక్కన సుబ్బరత్నం మనవడు ఏదో గబగబా చెబుతున్నాడు. ఆవిడ కళ్ళు మూతలుపడుతున్నా ఊ కొట్టడం మాత్రం ఆగలేదు. శాలిని అటే చూస్తోంది. పుస్తకం ఒళ్ళోకి తీసుకుని, చాప మీద ఆవిడ వైపు జానెడు జరిగింది. ఇంకొంచెం జరిగింది. తండ్రికి వీపు సగం కనబడేలా కూర్చుని తరువాతి పేజీ తెరిచింది.

"చేపకి కిటికీ పక్క సీటు కావాలంట," అంది ఆవిడతో.

నతానియేలు ముందుకు వంగాడు.

"ఊఁ," అన్నాడు.