సైగలతో వడ్డన

గారెల పప్పు రుబ్బుతున్న అహల్యకు రోలు చప్పుడు కంటె బిడ్డ మౌనమే ఎక్కువ వినబడుతున్నది. కోమలవల్లికి ఏడేండ్లు. నిన్న బడి నుంచి వచ్చి ఆకలైతున్నదని నోటితోని చెప్పలేదు, కడుపు మీద చెయ్యి పెట్టి చూపింది. అప్పటి నుంచి ఒక్క మాట లేదు. ఒళ్లు కాలుతలేదు, గొంతు వాయలేదు. ఎవరి దిష్టి తగిలిందో, నాలుక పడిపోయిందో, పిల్ల మూగదైతే తన గతేందోనని అహల్యకు పొద్దటి నుంచి ఇదే భయం.

రెండు దిక్కుల తెలుగోళ్లు కలిసి ఒక్క రాష్ట్రమైనంక ఆమె పెనిమిటి రంగనాథ్ ఆఫీసుకు కోస్తా నుంచి కొత్త ఆఫీసరు వచ్చిండు. ఆయన భార్యతో భోజనానికి వచ్చినప్పుడల్లా అహల్య నోరు విప్పొద్దు. గరిటె చూపి అడగాలె, తల ఊపి జవాబియ్యాలె. "వాళ్లది భాష, మనది యాస. నువ్వు నోరు తెరిస్తె నా ప్రమోషన్ పాయె. పిల్లతోని గూడ తగ్గించు, దానికంటుకుంటది," అన్నడు, ఉర్దూల చదివి తెలుగు అక్షరాలు కూడబలుక్కునే ఆ మనిషి.

పట్నంలనే కార్వాన్ అంగళ్ల గల్లి నుంచి హుస్సేనీ ఆలంకు కోడలై వచ్చిననాడు అత్త రమాబాయి గూడ అంతే. బజారు మాటలు మా ఇంట్ల వద్దన్నది. ఇయ్యాల ఆ అత్తనే కొడుకు లోపలి అర్రల కూచోబెడుతున్నడు, ఆఫీసరమ్మకు ఆమె మాట వినబడొద్దని. మరి ఏ మెట్టు మీద యాస ఆగి భాష మొదలైతదో అహల్యకు తెలువలేదు. కింది మెట్టు మీద మాత్రం ఎప్పుడూ తానే. తన మాటకు వంక పెట్టినోళ్లంత తన వంట మాత్రం మారు అడిగి తిన్నరు.

మధ్యాహ్నం ఆఫీసరు దంపతులు వచ్చి విస్తర్ల ముందు కూర్చున్నంక ఆఫీసరమ్మ పిల్లను ముద్దుగ పలకరించింది. "ఏం కావాలి పాపా?"

కోమలవల్లి పెదవులు బిగించి, కనుబొమ్మలెగరేసి, గిన్నె దిక్కు చూపి తల ఊపింది. అచ్చం అహల్య ఊపినట్టే.

"అయ్యో, పాపకి మాటలు రావా?"

అహల్య చేతిల గరిటె ఆగింది. దిష్టి గాదు, రోగం గాదు. బిడ్డ తన దగ్గరే నేర్చుకున్నది. రంగనాథ్ కండ్లతోనే వద్దంటున్నడు. ప్రమోషన్ పోతదేమో, తనను కార్వాన్‌కు తోలేస్తడేమో. భయాలన్నీ ఒక్కసారి మీదపడ్డయి.

"మస్తు మాటలొస్తయమ్మా. నేనే బంద్ పెట్టిన," అన్నది. పిల్ల దిక్కు తిరిగింది. "బిడ్డా, ఏం గావాలె? నోటితోని అడిగేదాంక ఎయ్య."

పిల్ల తండ్రిని చూసింది, తల్లిని చూసింది.

"పచ్చిపులుసు పొయ్యవే, అమ్మా."

అహల్య పిల్ల విస్తట్ల పచ్చిపులుసు పోసింది. లోపలి అర్రల నుంచి రమాబాయి గొంతు వచ్చింది, గట్టిగనే.

"నాగ్గూడ ఇంత పొయ్యి, అహల్యా."