పీపీ నంబరు

రాజనర్సు నెట్ సెంటర్‌లో మూడో కంప్యూటర్ ముందు కూర్చున్న గంగామణి ఉన్నట్టుండి లేచి ఐదో కంప్యూటర్ దగ్గరికి పోయింది. ఒక చిరునామా కొట్టి చూసింది. మళ్ళీ మూడోదాని దగ్గరికొచ్చి ఒక మాట మార్చి, ఐదోదాని దగ్గరికి ఉరికింది. అక్కడా మాట మారి ఉంది.

"ఏంది గంగామణి, గా రెండిటి నడుమ గంతగనం తిరుగుతున్నవ్?" అన్నాడు రాజనర్సు, హాల్‌టికెట్లు ప్రింట్ తీస్తూ.

"అన్నా, ఒక్కపారి ఇటు రా. నేను రాసిన ప్రోగ్రాం మన కంప్యూటర్ల లేదు. యాడుందో నాకే తెల్వది. బోధన్ల కూసొని మీట నొక్కితే లోకమంత కనవడ్తున్నది. సర్వర్ కొనేది లేదు, దానికి ఏసీ పెట్టేది లేదు. దాన్నే క్లౌడ్ అంటున్నరు. అంత ఫ్రీ."

"ఫ్రీగ ఇచ్చేటోళ్లు ఏం అడగలేదా?"

"నీ ఫోన్ నంబర్ అడిగిండ్రు."

"నాదెందుకు?"

"నాకు ఫోన్ లేదు గదా. మనిషే అని తెలుసుకునేటందుకు ఒక కోడ్ పంపుతమన్నరు. పొద్దుగాల నీ ఫోన్ల సూసి కొట్టిన."

"మబ్బుల మీద దుకాణం నువ్వు పెట్టి, నంబర్ నాదిచ్చినవా? మంచిగనే ఉంది."

అది రెండువేల ఎనిమిది డిసెంబరు. నిజామాబాద్‌లో సాయవ్వ బీడీలు చుట్టి కూతురు గంగామణిని ఎంసీఏ దాకా చదివించింది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. ఆ ఏడాది హైదరాబాద్‌లో ఉద్యోగాలు దొరకక, రోజూ పొద్దున బస్సెక్కి బోధన్ వచ్చి ఈ సెంటర్‌లో పనిచేసేది. గిరాకీ లేనప్పుడు నెట్‌లో దొరికిన పాఠాలను పాడైన ప్రింట్ల వెనకవైపు అచ్చు తీసుకునేది. బస్సులో చదివేది. ఒక పక్క ఎవరిదో బస్‌పాస్ దరఖాస్తు, ఇంకో పక్క ప్రోగ్రాం రాసే పద్ధతి.

ఆమె కట్టింది పెద్దదేం కాదు. చెరకు ఎప్పుడు నరకాలో ఫ్యాక్టరీ చెప్పాలి. దాన్ని కటింగ్ ఆర్డర్ అంటారు. ఎవరి వంతు ఎప్పుడో ఆ పట్టిక రోజూ నాలుగింటికి మెయిల్‌లో ఈ సెంటర్‌కే వచ్చేది. చెరకు ఆఫీసు గుమాస్తా చిన్నయ్య ప్రింట్ తీయించుకుని ఐదున్నరకు ఆఫీసు గోడకు అంటించేవాడు. చుట్టూ క్యాంపుల నుంచి, అంటే కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ పల్లెల నుంచి, రైతులు వచ్చి చూసుకోవాలి. చూసుకోకపోతే వంతు దాటిపోతుంది, పేరు చివరికి పోతుంది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద సాగు చేసుకునే రత్తయ్యకు కిందటేడు అట్లాగే అయింది. జ్వరంతో రెండు రోజులు పడుకున్నాడు. లేచేసరికి వంతు పోయింది. నెల తర్వాత నరికేనాటికి తోటంతా పూత వచ్చి గడ బెండులా తేలికైంది.

ఆ మాట ఆయన నోట విన్న రోజే గంగామణికి ఆలోచన పుట్టింది. పట్టిక తన చేతిలోకే వస్తున్నప్పుడు, అందులో పేరున్నవాళ్ళకు ఫోన్‌లో మెసేజ్ పోతే చాలదా? మెసేజ్‌లు పంపే వెబ్‌సైట్ ఒకటుంది. ప్రోగ్రాం నడిపే చోటు ఇప్పుడు దొరికింది. రెండింటినీ కలిపితే అయిపోతుంది. చిన్నయ్య ఆఫీసులో అడిగి సరేనన్నాడు. రత్తయ్య క్యాంపుకి పెద్ద జగ్గారావు మాత్రం ఒక్కటే చెప్పాడు.

"ఒక్కరోజు చూస్తా. మా క్యాంపులో నలభై ఒక్క మందిమి. అందరి నంబర్లూ రాసిస్తాం. పట్టికలో పేరున్న ప్రతివాడికీ గోడకంటే ముందు కబురందితే మిగతా క్యాంపుల వాళ్ళకీ నేనే చెప్తా. ఒక్కడికి అందకపోయినా గోడే మేలు. నమ్ముకుని ఇంట్లో కూచున్నవాడి గతేంటి?"

అందులో తప్పేం లేదని గంగామణికీ తెలుసు.

పరీక్ష రోజు నాలుగింటికి జగ్గారావు, రత్తయ్య వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ప్రింట్ కోసం చిన్నయ్యా వచ్చాడు. మెయిల్ వచ్చింది. క్యాంపు వాళ్ళవి ఆరు పేర్లున్నాయి. నాలుగోది రత్తయ్యదే, రేపటికే. గంగామణి పట్టిక ఎక్కించి మీట నొక్కింది. తెర మీద లెక్క వచ్చింది.

పంపినవి: 2.

"రెండేనా?" అన్నాడు జగ్గారావు.

"ఆగుండ్రి సార్, ఏదో అయింది."

"అయిందమ్మా, చూశాగా. చిన్నయ్యా, నీ జిగురు డబ్బా తెచ్చుకో. అయినా చదువుకున్న పిల్లవి, కష్టపడ్డావు, కాదన్ను."

ఆ మెచ్చుకోలు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. గోడ మీద గడియారం నాలుగుంబావు చూపిస్తోంది.

"చిన్నయ్యన్న ఐదున్నరకు గద సార్ అంటిస్తడు. అందాక కూసోండ్రి," అని ఆమె తెర వైపు తిరిగింది.

క్యాంపు వాళ్ళ పేర్లూ నంబర్లూ ముందే ఎక్కించి పెట్టిన జాబితా తెరిచింది. ఎక్కించింది నలభై ఒకటి. ఉన్నవి పదిహేడు. మిగతా ఇరవై నాలుగు మంది ఏమయ్యారు? జాబితాలో రత్తయ్య పేరు లేనే లేదు.

"రత్తయ్యగారూ, మీరు నంబర్ ఇచ్చిండ్రా?"

"ఇచ్చానమ్మా. నాకు ఫోనెక్కడిది, నాగకుమారి కొట్టుదిచ్చా. మా క్యాంపులో సామాన్ల కొట్టు ఆవిడదేగా. కబురొస్తే పిల్లల్ని పంపి చెప్తది."

"ఇంకెవరన్న గదే ఇచ్చిండ్రా?"

"సగం పైనే ఇచ్చుంటార్లే. సెల్లు కొన్నోళ్ళు కూడా అదే ఇచ్చారు. పొలంలో సిగ్నల్ ఉండదు కదా."

గంగామణి చేయి నెత్తిమీద పెట్టుకుంది. ఒక నంబరుకు ఒకే మనిషి అనుకుని ఆమె ప్రోగ్రాం రాసింది. పాఠాల్లో అట్లాగే ఉంది. అదే నంబరుతో ఇంకో పేరు వస్తే పాతది చెరిగి కొత్తది నిలుస్తుంది. నాగకుమారి నంబరిచ్చిన ఇరవై ఐదు మందిలో చివరివాడొక్కడే మిగిలాడు.

పాఠాలు రాసినవాళ్ళకు తెలియకపోతే పోయింది, తనకు తెలియదా? ఎంసీఏ దరఖాస్తులో ఫోన్ అన్నచోట పక్కింటి ప్రమీలమ్మ నంబరు రాసి పక్కన పీపీ అని పెట్టింది, అంటే ఫోను వేరేవాళ్ళది, పిలిస్తే వచ్చి మాట్లాడతాం అని. తమ వాడలో అందరూ అంతే, ఫోను ఒకరిది, పీపీ పదిమందిది. సీటు వచ్చిన కబురు ప్రమీలమ్మ ప్రహరీ మీదినుంచి కేకేసి చెప్పింది. మొన్నటికి మొన్న ఈ ప్రోగ్రాం పెట్టడానికి ఇచ్చిందీ రాజనర్సు నంబరే.

ఆమెకు నవ్వొచ్చింది.

"ఎందుకమ్మా నవ్వుతున్నావు?" అన్నాడు జగ్గారావు.

"దొరికింది సార్."

ఫ్యాక్టరీ ప్రతి రైతుకూ ఒక కోడ్ ఇస్తుంది. అది ఇద్దరికి ఒకటి ఉండదు. మనిషిని ఆ కోడ్‌తో గుర్తుపట్టి, ఫోన్‌ను పక్కన రాసుకుంటే సరిపోతుంది. మెసేజ్ మొదట్లో పేరు పెట్టాలి, లేకపోతే ఎవరిదో నాగకుమారికి తెలియదు. పది వరుసలు మార్చింది. ఐదు కావడానికి పది నిమిషాలుండగా పైకి పంపే ఆదేశం కొట్టింది.

తెర మీద అక్షరాల వరుసలు ఒక్కొక్కటే దిగుతుంటే ముగ్గురూ వెనక నిలబడ్డారు. నిమిషం కూడా పట్టలేదు.

"అయిపోయిందా?" అన్నాడు రత్తయ్య. "మరమ్మత్తుకి ఎవరూ వెళ్ళలేదేం అక్కడికి?"

"ఎవరూ పోరు. ఈడ మారిస్తే ఆడ మారుతది. గదే సంబురం."

నలభై ఒక్క పేర్లూ మళ్ళీ ఎక్కించింది. ఈసారి నలభై ఒకటీ నిలిచాయి. మీట నొక్కింది.

పంపినవి: 6.

పంపడం వేరు, అందడం వేరు. రెండు నిమిషాలకు జగ్గారావు ఫోన్ మోగింది. నాగకుమారి గొంతు అవతలి గోడ దాకా వినబడింది.

"బాబాయ్, ఏంటిది, నా ఫోను ఊపిరి తీసుకోనివ్వటం లేదు. నలుగురివి వచ్చినయ్. రత్తయ్య మావయ్యది రేపేనంట, ఇంట్లో అత్తకి చెప్పా. నరికే ముఠాకి కూడా కబురు పెట్టేశా. ఇంకేమన్నా ఉన్నయ్యా, కొట్టు కట్టేయమంటావా?"

తమ ఫోన్లకే అందిన ఇద్దరితోనూ జగ్గారావు స్వయంగా మాట్లాడి చూశాడు. ఇద్దరికీ రెండేసి సార్లు వచ్చిందట. ఆరుకి ఆరూ. ఐదు దాటి ఐదు నిమిషాలైంది. చిన్నయ్య ఇంకా జిగురు కలుపుతున్నాడు.

"గోడనీ ఉండనీయండి," అన్నాడు జగ్గారావు లేస్తూ. "అమ్మాయ్, రేపు మిగతా మూడు క్యాంపుల పేర్లూ తెస్తా. ఎంతమంది పడతారు అందులో?"

"ఎంతమందైన పడ్తరు సార్. వెయ్యిమందిని తీస్కరాండ్రి."

రత్తయ్య అప్పటికే గడప దాటి బండి తీస్తున్నాడు. తెల్లారి ముఠా వస్తుంది, బండ్లు మాట్లాడుకోవాలి.

రాజనర్సు తన ఫోన్ తీసి చూసుకున్నాడు. "అందరికి అందింది. నాకేం రాలేదు. నీ మబ్బుకు పీపీ నేనే గదా."

"నీకు చెరకు లేదు గదన్నా," అని గంగామణి కొత్త ఫారం తయారు చేయడానికి కూర్చుంది. ఫోన్ నంబరు పక్కన ఇంకో గడి గీసి, ఎవరి ఫోను అని రాసింది.