పాతది వేరు, యాంటిక్ వేరు

మా ఆయన రత్నాకర్‌కు ఉన్నట్టుండి బంగారు కడెం కావలసి వచ్చింది. కారణం, ఆయన ఈమధ్య లీడరయ్యాడు. ఎవరూ చేయలేదు, తనంతట తానే అయ్యాడు. పండగొచ్చినా, పెద్ద లీడరు యాదగిరన్న పుట్టినరోజొచ్చినా సిద్దిపేట చౌరస్తాల్లో ఫ్లెక్సీలు కట్టిస్తాడు. వాటిలో యాదగిరన్న బొమ్మ తాటిచెట్టంత ఉంటుంది, మా ఆయన బొమ్మ అరచేయంత ఉంటుంది. అరచేయంత బొమ్మలోనే రెండు చేతులూ ఎత్తి దండం పెడుతుంటాడు.

"దండం పెడ్తె చెయ్యి బోసిగ కనబడ్తుందే," అన్నాడు ఒకరోజు. "కడెం లేనోన్ని లీడరని ఎవడంటడు? నీ బంగారు కంటె కరిగిస్తె మంచి మందం కడెం అయితది."

కంటె మా అమ్మమ్మ సిద్ధమ్మది. మెడచుట్టూ బిర్రుగా నిలబడే లావుపాటి బంగారు కడ్డీ. మిరుదొడ్డిలో అమ్మమ్మ అది మెడలో ఉండగానే నాట్లు వేసింది, బర్రెలు కడిగింది, తాతను తిట్టింది. నన్ను పెంచిందీ ఆమే. పోయేముందు తన మెడలోంచి తీసి నా మెడకు పెట్టింది. పదిహేనేళ్లుగా ప్రతి పెళ్లికీ, పేరంటానికీ అదే వేసుకుంటున్నాను. అలాంటిదాన్ని కరిగిస్తానంటాడు.

కానీ ఏడవలేదు. ఏడిస్తే మా ఆయనకు జాలి కలుగుతుంది, జాలి కలిగితే కడెం కాస్త సన్నగా చేయించుకుంటాడు, అంతకుమించి ఏమీ జరగదు. అందుకే పందెం కట్టాను.

"పాత నగలకు బంగారం రేటు కన్న ఎక్కువ విలువుంటదంట. యాంటిక్ అంటరు. షాపుల అడుగుదాం. బంగారం రేటే అంటె కరిగిచ్చుకో. అంతకన్న ఎక్కువంటె ఇంక దాని పేరెత్తద్దు."

"సరే తియ్," అన్నాడు.

షాపులో యాంటిక్ నగల కౌంటరు నట్టనడుమ, పెద్ద పెద్ద లైట్ల కింద ఉంది. పాత బంగారం కొనే కౌంటరు మూలకు, బాత్రూమ్ పక్కన ఉంది. అక్కడ కూర్చున్న దత్తాత్రి అనే పెద్దమనిషి నా కంటెను మిషన్‌లో పెట్టి చూశాడు.

"బంగారం మంచిదే. టంకం పోంగ మిగిలినదానికి రేటు కడ్త."

"గంతేనా? ఇది యాంటిక్ కద?"

"కాదమ్మా, ఇది పాతది."

"పాతదాన్నే కద యాంటిక్ అంటరు?"

"పాతది వేరు, యాంటిక్ వేరు. యాంటిక్ అంటె కొత్తది." ఆయన ఓపికగానే చెప్పాడు. "కొత్తగ చేసి, పాతగ కనబడేటట్టు నలుపు పెట్టిస్తరు. ఆ నలుపుకు మజూరి ఉంటది."

"మాదానికి నలుపు దానంతటదే వచ్చింది కదనే!"

"దానంతటదే వచ్చినదానికి మజూరి ఎవలకియ్యాలె?"

రత్నాకర్ ముసిముసిగా నవ్వుతూ తన మణికట్టును వేళ్లతో కొలుచుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కంటెను లాక్కుని నేరుగా యాంటిక్ కౌంటరుకు పోయాను. అక్కడి అమ్మాయి ట్రేలో నాలుగు కంటెలు పరిచి, ఇంకా తెస్తానని లోపలికి పోయింది. వాటి మధ్యలో నాదీ పెట్టాను. పక్కపక్కన పెట్టి చూస్తే నిజం ఏదో దత్తాత్రికే తెలుస్తుందని ఆయన్ను పిలవడానికి పరుగెత్తాను. కోపంలో బంగారం వదిలేసి వచ్చానన్న సోయి కూడా లేదు.

ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చేసరికి నా కంటె యాదగిరన్న భార్య సుశీల మెడలో ఉంది. ఆమె అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంటోంది.

"గిసొంటిది సిద్దిపేటల ఎవ్వల మెడల చూడలే," అంటోంది.

"కొత్త డిజైన్ మేడం," అంది కౌంటరు అమ్మాయి. "ట్యాగ్ ఊడిపోయినట్టుంది. కలకత్తా పనోళ్లు చేత్తోని చేసిన్రు. మజూరి జర ఎక్కువనే పడ్తది."

ఆమెను చూసి ఎప్పుడొచ్చాడో, పక్కనే రత్నాకర్ ఫ్లెక్సీలో మాదిరే దండం పెట్టి నిలబడ్డాడు. "మీ కోసమే చేసినట్టున్నది వదినా!" అని, నా వైపు వంగి గుసగుసగా అన్నాడు, "చూసినవా? నగంటె గట్లుండాలె. గిసొంటిది మనింట్ల ఒక్కటుంటె నేను కరిగియ్యమంటనా?"

వేళాకోళమేమో అని ఆయన ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే గుర్తుపట్టలేదు. కోపం రావలసిన చోట నాకు ఏడుపు వచ్చింది.

"అది మాది, వదినా," అన్నాను. "మా అమ్మమ్మది."

సుశీల చెయ్యి మెడ దగ్గరే ఆగిపోయింది. "అంటె ఎవలన్న ఏసుకున్నదా?"

"సచ్చేదాంక ఏసుకున్నది."

"అయ్యో, ముందుగాల చెప్పద్దా!" అని ఆమె గబగబా తీసి ట్రేలో పడేసి, చేతులకు శానిటైజర్ అడిగింది. ఇంతసేపూ దాన్ని రెండు చేతులతో పట్టుకున్న కౌంటరు అమ్మాయి ఇప్పుడు ఒక్క వేలితో దత్తాత్రి వైపు జరిపింది. "సార్, ఇది మీ దిక్కుది."

"నేను చెప్పనే చెప్పిన, పాతదని," అన్నాడు దత్తాత్రి.

రత్నాకర్ "తప్పయింది వదినా" అంటూ ఆమె వెనకాల కారుదాకా పోయాడు. నేను కంటె మెడకు పెట్టుకుని బయటికొచ్చాను. కారు వెళ్లిపోయాక ఆయన నా దగ్గరికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఇజ్జత్ తీసినవ్. ఇంతకు దత్తాత్రి కట్టింది బంగారం రేటే కద?"

"ఆయన బంగారం రేటే కట్టిండు. ఎక్కువ కట్టింది నువ్వే."

"నేనా?"

"గిసొంటిది ఇంట్ల ఒక్కటుంటె కరిగియ్యనన్నవు. ఇంట్లనే ఉన్నది. పందెం నువ్వే ఓడగొట్టుకున్నవ్."

ఆయన పదిహేనేళ్లలో మొదటిసారి నా మెడ వైపు అంతసేపు చూశాడు. అప్పుడు కూడా కంటెనే చూశాడు.