కుంటి గొర్రె కిటుకు

దయాకర్ తయారుచేసిన ఆటలో కత్తులు లేవు, తుపాకులు లేవు, రాజు కూడా లేడు. అరవై గొర్రెలూ ఒక గొంతూ ఉన్నాయి. మామూలు యుద్ధపుటాటల్లో సైనికుల చుట్టూ గీత గీసి, కావలసిన చోట నొక్కితే అక్కడికి పోతారు. చావమంటే చస్తారు. ఇందులో ఏ గొర్రె కూడా అట్లా మాట వినదు. కాపరి ఒకచోట నిలబడి కూత వెయ్యాలి. కూతకు మంద కదులుతుంది. కానీ అదే కూత తోడేళ్లకూ వినబడుతుంది. పిలిస్తే ఒక ముప్పు, పిలవకపోతే ఇంకో ముప్పు. ఆటకు ‘మంద’ అని పేరు పెట్టాడు.

ఆ కూతలు అతని చిన్నాయిన కొమురెల్లివి. ముప్పై ఏళ్లు జనగామ పక్కన గొర్లు కాసి, మోకాళ్లు అరిగి, ఉన్నవి అమ్ముకుని తార్నాకలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వచ్చాడు. మెట్ల కింది గదిలో అతనితోనే ఉంటూ దయాకర్ క్యాంపస్‌లో ఎంసీఏ చదువుతున్నాడు.

శుక్రవారం పొద్దున కంప్యూటర్ బ్లాకు సెమినార్ హాల్లో ఆటల ప్రదర్శన. పిల్లలు వరస కట్టి ‘మంద’ ఆడారు. నాలుగు లెవెళ్లు ఎట్లాగో దాటారు. ఐదో దాంట్లో వాగు. పొద్దు గుంకుతుంటుంది, నీళ్లు పెరుగుతుంటాయి, వెనక తోడేళ్లు. పద్నాలుగు మంది కూర్చున్నారు, పద్నాలుగు మందీ ఓడి లేచారు. ఆఖరున లేచినవాడు క్లాస్‌మేట్ రాజేష్, లాలాగూడ రైల్వే క్వార్టర్సు పిల్లగాడు.

“అరే బై, నీ గొర్లకో దండం! ఇగ గెలిచేదెట్లనో నువ్వే జెప్పు” అన్నాడు.

దయాకర్ కూర్చుని ఆడి చూపించాడు. మంద చివర ఒక కుంటి గొర్రె ఉంటుంది. అందరూ దాని కోసం ఆగుతారు. ఆగకూడదు. అది అందుకోలేనంత దూరం పోయి కూత వెయ్యాలి. తోడేళ్లు దాని దగ్గరే ఆగిపోతాయి. మిగతా యాభై తొమ్మిదీ వాగు దాటుతాయి.

హాలు చప్పట్లతో మోగిపోయింది. మార్కులు వేస్తున్న శ్యామలాంబ మేడమ్ కళ్లజోడు తీసి, “ఎక్కడిది బాబూ ఈ ఆలోచన? ఏదైనా పుస్తకంలోదా?” అని అడిగింది.

నోట్లో నువ్వుగింజ నానని మనిషి కాదు దయాకర్. కానీ ఆ పూట చప్పట్ల మత్తులో నానలేదు.

“రియల్ మేడమ్. మా చిన్నాయిన చేసిండు. అట్లనే వాగు కాడ తోడేళ్లు వడితె, కుంటిదాన్ని ఇడిసి మందనంత దాటిచ్చిండు. అసలు మజా ఏందంటే, గది మా గొర్రె గాదు. కాయమని ఇచ్చినామెది. పోయి ‘తోడేలు ఎత్కపోయింది’ అని చెప్పిండు. గీనాటి దాక ఆమెకు తెల్వది!”

హాలంతా నవ్వింది. “చిన్నాయిన గాదుర, జనరల్!” అని రాజేష్ ఈల వేశాడు.

మూడో వరసలో భాగ్య కూర్చుని ఉంది. వాళ్ల ఊరి పిల్లే, ఎంఏ చదువుతోంది. ‘మన ఊరి ఆట, రా చెల్లె’ అని దయాకరే పిలిచాడు. ఆ గొర్రె భాగ్య నాయినమ్మ లచ్చవ్వది. దయాకర్‌కు ఆ సంగతి తెలుసు. మాట్లాడుతుండగానే ఆ పిల్ల ముఖం మారడం చూశాడు. చూసి కూడా ఆపలేదు. ఆఖరి మాటకు ఇంకాస్త ఉప్పూ కారం అద్దాడు.

భాగ్య లేచి వెళ్లిపోయింది. అతను మాత్రం చేతులు కలిపేవాళ్లందరికీ చెయ్యి ఇచ్చి, ఆ తర్వాత పరుగెత్తాడు. హాస్టల్ రోడ్డు మీద అందుకున్నాడు.

“భాగ్యా, ఆగు.”

“ఏందన్నా, ఇంకో లెవెల్ ఉన్నదా?”

“నాకు యాదికి రాలే...”

“అబద్ధం. నా దిక్కు జూసుకుంటనే జెప్పినవ్.”

భాగ్య నడుస్తూనే అంది.

“గొర్రె పోయిందని గాదన్నా. గొర్లు పోతయ్. మీ చిన్నాయిన వచ్చి ఏమన్నడో ఎర్కేనా? ‘నీ కుంటిది ఎనకవడ్డది లచ్చవ్వా, మేం ఏం జేస్తం’ అన్నడు. ఇగ మా అవ్వకు గదే పట్టుకున్నది. ‘కాలు మంచిగ లేదని తెల్సి మందల తోలిన, నా చేతుల్నే సచ్చింది’ అని ఆరేండ్ల సంది గదే ముచ్చట. ఇంట్ల మల్ల ఒక్క మేకపిల్లను గూడ కట్టనియ్యలే.”

“అవ్వకు ఫోన్ చేస్తవా?”

“నేనెందుకు చేస్త? అబద్ధం ఆడినోళ్లు చెప్పాలె. రేపటి దాక చూస్త.”

దయాకర్ ఆటో ఎక్కలేదు. తార్నాక దాకా నడిచాడు. తోవ పొడుగునా ఒకటే గుర్తుకొచ్చింది. కూతలు ఫోన్‌లో రికార్డు చేసిన రోజు, మూడో కూత వేసి చిన్నాయిన ఆగిపోయాడు. ఎవరూ అడగకుండానే ఆ వాగు సంగతి చెప్పాడు. ‘ఎవ్వలకు చెప్పకు’ అని కూడా అనలేదు. అట్లాంటివాటికి ఆ మాట అవసరం ఉండదు.

కొమురెల్లి సెల్లార్‌లో కారు కడుగుతున్నాడు. దయాకర్ నిలబడే అంతా చెప్పాడు. పైపు నీళ్లు ఒకే చక్రం మీద పడుతూనే ఉన్నాయి.

“ఎంతమంది ఉన్నరు?” అన్నాడు కొమురెల్లి.

“నూరు మంది ఉంటరు.”

“చప్పట్లు గొట్టిన్రా?”

“కొట్టిన్రు.”

“అట్లనా.”

కొమురెల్లి నల్లా బంద్ చేశాడు. చెప్పుతో కొట్టినా దయాకర్‌కు ఇంతకంటే తేలికయ్యేది.

“తిట్టు చిన్నాయినా.”

“నిన్నేమని తిట్టాలె బిడ్డా. చేసింది నేను.” తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “లచ్చవ్వకు కలుపు.”

చెవి సరిగా వినపడదని అతను ఎప్పుడూ స్పీకర్ పెట్టుకునే మాట్లాడతాడు. ఇప్పుడూ అంతే.

“లచ్చవ్వా, నేను కొమురెల్లిని.”

“ఓ కొమురెల్లీ! పట్నం నీళ్లు తాగినంక మేం గూడ యాదికొస్తమా?”

“నీ కుంటిది... తోడేలు దొంగతనంగ ఎత్కపోలే. ఎనక గూడ పడలే. నేనే ఇడిసిన. మంద దాటాలెనని.”

అవతల ఏదో కోడి కూసింది.

“నువ్వు ఇడిసి పోతాంటె అది ఒర్రిందా?”

కొమురెల్లి పక్కనున్న స్తంభానికి ఆనుకున్నాడు. “ఒర్రింది.”

“ఎనకకు మర్రి జూసినవా?”

“చూడలే.”

“రేపు రా. ఏ జాగల ఇడిసినవో నాకు చూపియ్యి.”

ఫోన్ పెట్టేసింది.

దయాకర్ మెట్ల మీద కూలబడ్డాడు. పద్నాలుగు మంది ఆ ఆట ఆడారు. గొర్రె అరిచిందా అని లచ్చవ్వ అడిగిన మాట ఒక్కరూ అడగలేదు. ఆట కట్టినవాడికి కూడా తోచలేదు.

“ఉప్పల్ల తొలి బస్సు వట్కుంట” అన్నాడు కొమురెల్లి. “రేపు గేటు కాడ నువ్వుండాలె.”

మర్నాడు పదకొండు గంటలకు క్యాంపస్‌లో ఆటల పోటీ ఫైనల్. శ్యామలాంబ మేడమ్ ‘మంద’నే ఎంచుకుంది. ఆ సంగతి దయాకర్ చెప్పలేదు. “ఉంట చిన్నాయినా” అన్నాడు.

తెల్లవారి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. పది దాటాక రాజేష్ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. దయాకర్ ‘రాను, నువ్వే చూపించు, ఐదో లెవెల్ తీసెయ్’ అని మెసేజ్ పెట్టాడు. ‘పాగల్ అయినవా, అదే కదరా ఆట!’ అని జవాబు వచ్చింది. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మూడో అంతస్తు లక్ష్మీనర్సయ్య స్కూటర్ మీద వచ్చి గేటు ముందు ఆగాడు.

“కొమురెల్లి ఏడి?”

“ఊరికి పోయిండు సార్.”

“గింత సడన్‌గ? ఫంక్షనా?”

“కాదు సార్. పనున్నది.”

“గొర్లు, గిర్లు అన్నీ అమ్ముకున్నడు గద, ఇంకేం పనయ్యా?”

దయాకర్ నోటిదాకా మాటలు వచ్చి వరసగా నిలబడ్డాయి. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎదుటివాడు నవ్వుతాడో కూడా అతనికి తెలుసు. లేచి, తల వంచుకుని, గేటు బార్లా తెరిచాడు. లక్ష్మీనర్సయ్య జవాబు కోసం కాసేపు చూసి, రాదని తెలిసి, స్కూటర్ ముందుకు పోనిచ్చాడు.