ఒక పుస్తకం, ఒక గొంతు

ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద కుప్పగా పోసి మడతలు పెడుతోంది ఆమె. భర్త గుమ్మంలో నిలబడి అన్నాడు: "సోమవారం బయల్దేరతావని అక్కయ్యకి చెప్పేశా. మోకాలి ఆపరేషన్ కదా, మూడు నెలలు మనిషి తోడుండాలి."

"అలాగేనండి" అంది ఆమె, చేతిలోని చొక్కా కాలరు సరిచేస్తూ. ఆయన వెళ్లిపోయాక గాని తనేమందో ఆమెకు తెలియలేదు. పెళ్లయిన కొత్తలో మరిది ఆమెకు "అలాగే వదిన" అని పేరు పెడితే ఇల్లంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఇప్పుడు ఆ మరిది మనవలకి ఆమె "అలాగే మామ్మ".

ఆ కుటుంబంలో ఆమెది పెద్ద గిన్నె బతుకు. ఎవరింట్లో అవసరమొస్తే వాళ్లు పట్టుకెళ్తారు, పని కాగానే తెచ్చి ఇచ్చేస్తారు. అత్తగారు మంచాన పడ్డ రెండేళ్లు, తోడికోడలి కాన్పులు, మామగారి కంటి ఆపరేషన్, కూతురి పురుడు. "నీ చెయ్యి మంచిదమ్మా" అన్నవాళ్లే అందరూ. "నీకు వీలవుతుందా" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. నిజం చెప్పాలంటే, వీలు కాకపోవడానికి ఆమెకు ఇంకో పనంటూ ఉండేది కాదు. యాభై ఎనిమిదేళ్లు వచ్చాక, ఇప్పుడు ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు, లైబ్రరీకి వెళ్తోందనుకుంటారు.

ఎనిమిది నెలల కిందట లైబ్రరీలో పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్తే, చూపులేని విద్యార్థుల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసేవాళ్లు కావాలని గోడ మీద కాగితం కనిపించింది. రెండుసార్లు ఆ రికార్డింగ్ సెంటర్ గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చింది. మూడోసారి లోపలికి వెళ్లింది. మొదటిరోజు ఎంత మెల్లగా చదివిందంటే, రికార్డు చేసే అమ్మాయి చెవుల మీది హెడ్‌ఫోన్ తీసేసి, "అమ్మా, మైకు మిమ్మల్నేమీ అనదు. కాస్త గట్టిగా" అంది. తప్పు చదివినప్పుడల్లా ఆమె "క్షమించండి" అనేది. అవన్నీ వెతికి కోసెయ్యడానికి ఆ అమ్మాయికి ఒక పూట పట్టింది. "మీ క్షమాపణలన్నీ కలిపితే ఇంకో పుస్తకం అవుతుందమ్మా!"

ఇప్పుడు చదువుతున్నది లా పుస్తకం. మూడు నెలల్లో పరీక్ష రాయబోయే ఒక అమ్మాయి కోసం. ఇరవై మూడు అధ్యాయాల్లో పదకొండు అయ్యాయి. పదకొండోది ఒప్పందాల గురించి. "ఎదుటివారి ప్రతిపాదన విని మౌనంగా ఉన్నంత మాత్రాన అంగీకరించినట్టు కాదు" అని చదివి ఆగిపోయింది. మైకు ముందు అంతసేపు ఎప్పుడూ ఆగలేదు.

ఆ రికార్డింగ్ గదిలో ఒక నియమముంది: ఒక పుస్తకానికి ఒకటే గొంతు. మధ్యలో ఎవరైనా మానేస్తే అప్పటిదాకా చేసింది పక్కన పడేసి, కొత్తవాళ్లతో మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాలి. ఆమె సోమవారం వెళ్తే ఆ అమ్మాయి పరీక్షకి పుస్తకం అందదు.

రెండు రోజులు ఆమెకు కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా చూసుకోలేదు. మడిచిన దుప్పటే మళ్లీ విప్పి మడిచింది. ఎవరూ లేని వంటింట్లో "నేను వెళ్లనండీ" అని మూడు రకాలుగా అని చూసుకుంది. మూడూ బతిమాలుకుంటున్నట్టే వినిపించాయి.

గురువారం భోజనాలయ్యాక ఆడపడుచుకి తనే ఫోన్ చేసింది. నెల ఆగి రావచ్చా అని అడుగుదామని. రానని చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

"నువ్వే చేశావా! ఏమైందే, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అంది ఆడపడుచు.

"లేదు వదినా. సోమవారం గురించి..."

"రామ్మా, రా. నేను నర్సుని మాట్లాడుకున్నాలే గాని, మా తమ్ముడే వద్దన్నాడు. ఇంట్లో ఊరికే కూర్చుని నీకూ తోచడం లేదుట కదా, నువ్వే వస్తానని సరదాపడుతున్నావన్నాడు. ఆ నర్సు ఇంకో ఇంట్లో కుదిరిపోయింది."

"నేను అనలేదు వదినా."

"అనలేదూ? మరి ఇన్నాళ్లూ నోరేం చేసుకున్నావే? ఇష్టంలేని మనిషి చేత కాళ్లు పట్టించుకునేంత దాన్నా నేను?"

ఆ కోపం ఆమెకు తిట్టులా తగల్లేదు. ఎవరో తలుపు తోసినట్టనిపించింది. ఫోన్ పెట్టేసి ముందు గదిలోకి వెళ్లి పేపరు చదువుతున్న భర్త ఎదురుగా కూర్చుంది. ఆయన ముందు ఆమె కూర్చుని మాట్లాడటం తక్కువే. పుస్తకం గురించి, పరీక్ష గురించి, ఆ గది నియమం గురించి అంతా చెప్పింది.

"జీతమిస్తారా?" అన్నాడాయన.

"ఇవ్వరు."

"ఇంకేం! ఇంట్లో చేసేదీ ఊరికే, అక్కడా ఊరికేనా?" నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి పేపరు మడిచాడు. "నేను మాట ఇచ్చేశాను. అక్కయ్య దగ్గర నా పరువేం కావాలి? ఇప్పుడెవరు చూస్తారు ఆవిణ్ని?"

"మాట ఇచ్చినవాళ్లే చూస్తారండీ. రిటైరయ్యారుగా, మీకు వీలవుతుంది."

"నేనా? ఆ మందులూ, కాపడాలూ, జావలూ... నాకేం తెలుసే?"

రెండు కావస్తోంది, రికార్డింగ్‌కి వెళ్లే వేళ. ఆమె లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఏది ఎప్పుడు చెయ్యాలో వరసగా కాగితం మీద రాసిస్తానండి. చదువుకోవడం కష్టమనుకుంటే చెప్పండి, రికార్డు చేసి ఇస్తాను."