గట్టు మీద లేని పొద

బొమ్మ నెర్రెలిచ్చిందని ముందు చూసింది ఫ్రేముల షాపాయన. చూసి ఊరుకోలేదు, గోటితో గీరబోయాడు.

"చెయ్యి తియ్," అన్నాడు మేస్త్రి.

లేత్ మిషను మీద ముప్ఫై నాలుగేళ్ళు ఇనుము తరిగి రిటైరైన మనిషి. వర్క్‌షాపులో అందరూ మేస్త్రి అనేవారు, ఇప్పుడు వీధిలోనూ అదే పేరు. మాట ఇనప రజనులా ఉంటుంది, తగిలితే గీసుకుపోతుంది. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఆదివారాలు నూనెరంగులతో బొమ్మలు వేసేవాడు. గదిలో కూర్చుని కాదు, ఆరుబయట, కాలువ గట్టు మీద. నేర్పినవాళ్ళు లేరు, మెచ్చినవాళ్ళూ లేరు. ఇన్నాళ్ళకి లైబ్రరీవాళ్ళు కొత్తగా కట్టిన చదివే గది గోడకి ఆయన నాలుగు బొమ్మలు అడిగారు. నాలుగూ ఒకే గట్టువి. ఎండాకాలం, వానాకాలం, చిగుళ్ళ కాలం, చలికాలం. బుధవారం తగిలించాలి. ఆ రోజు సోమవారం.

"మూడూ లక్షణంగా ఉన్నాయి మేస్త్రీ. ఈ చలికాలమే కొంప ముంచింది," అన్నాడు షాపాయన. "ఈ పొద చూడండి. కింద రంగులో నూనె దండిగా కలిపుంటారు. అది ఆరకముందే పైన టర్పెంటైను పోసి పల్చగా పూసేశారు."

"నాకు చెప్పొచ్చావా?"

"ఎవరో ఒకరు చెప్పాలిగా. పైది గబగబా ఆరి బిగుసుకుంటుంది. కిందది తీరిగ్గా ఆరుతూ కదులుతుంటుంది. పైది పగలక ఏం చేస్తుంది? మొన్న బ్రష్షు పట్టినవాడు చేసే తప్పు ఇది. మీలాంటివారు..."

"ఇంక చాల్లే."

"సరే, రేపు సాయంత్రం లప్పం తెస్తాను. నెర్రెలు పూడ్చి, నాలుగు చోట్ల రంగద్ది, వార్నిష్ కొట్టేద్దాం. మా తాత దిగొచ్చినా కనిపెట్టలేడు."

షాపాయన వెళ్ళిపోయాక మేస్త్రి ఆ బొమ్మ వేసిన అట్టని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. తప్పు షాపాయన చెప్పిందే, అందులో సందేహం లేదు. కానీ ఇంత మొరటు తప్పు తను ఎందుకు చేశాడో గుర్తు రాలేదు. ఆ గట్టు మీద అసలు పొదే లేదు. ముప్ఫై ఏళ్ళు చూసిన గట్టు అది. తూము ఉంది, రెండు తుమ్మచెట్లు ఉన్నాయి, కూలిన పంపుషెడ్డు ఉంది. పొద ఎక్కడిది?

అట్టని ఏటవాలుగా వంచి ఎండకి పెట్టాడు. పెద్ద నెర్రెలో, వెంట్రుకంత సందులో ఎరుపు కనిపించింది.

చలికాలం బొమ్మలో ఆయన ఎరుపు వాడలేదు. వాడలేదనే ఇన్నేళ్ళూ అనుకున్నాడు. అట్ట పట్టుకునే మంచం మీద కూర్చున్నాడు.

ఎరుపు ఆమె శాలువాది.

ఆయన భార్య దర్జీ షాపుకి కాజాలు కుట్టేది. ఆదివారం ఆయన రంగుల పెట్టె సర్దుకుంటే, ఆమె చొక్కాల సంచీ సర్దుకునేది. ఇంట్లో కూర్చున్నా కుట్టడమే, గట్టు మీద కూర్చున్నా కుట్టడమే, అక్కడైతే గాలైనా తగులుతుంది అనేది. ఆయన బొమ్మ స్టాండుకి అరవై అడుగుల ముందు, వెలుగు చేతుల మీద పడేట్టు, ఆయనకి వీపు పెట్టి కూర్చునేది. ఒక కాలు మడిచి, ఒక కాలు గట్టు వాలులోకి చాపి. ఎర్ర శాలువా ఎండాకాలం నెత్తిమీద, వానాకాలం కింద పరుపుగా, చలికాలం భుజాల చుట్టూ.

ఎండాకాలం రంగు అట్టమీద నిలబడేది కాదు, జారిపోయేది. దుమ్మంతా వచ్చి ఆకాశంలో అతుక్కునేది. ఒకసారి మిడత వచ్చి మేఘం మీద వాలి ఇరుక్కుపోయింది. ఆమె వచ్చి సూదితో మెల్లగా లేపి, "పోయి స్నానం చెయ్యి పో, ఈయన రంగు పదిరోజులైనా వదలదు," అని దానితోనే చెప్పింది. మిడత పోయింది, ఒక కాలు మిగిలింది. ఎండాకాలం బొమ్మలో ఆ కాలు ఇప్పటికీ ఉంది.

వానాకాలం గొడుగుని స్టాండుకి తాడుతో కట్టేవాడు. జల్లు కొట్టినా నూనెరంగుకి ఏమీ కాదు, చినుకులు చేమాకు మీద నీళ్ళలా నిలబడేవి. ఒకనాడు గాలికి గొడుగూ స్టాండూ కలిసి కాలువలో పడ్డాయి. ఆయన మోకాలి లోతు నీళ్ళలో దిగి బొమ్మ కోసం వెతుకుతుంటే ఆమె నవ్వీ నవ్వీ సూది పోగొట్టుకుంది. ఆ సూది కోసం మళ్ళీ ఇద్దరూ గంటసేపు వెతికారు.

చిగుళ్ళ కాలం అన్నిటికంటే మోసకారిది. ఈ ఆదివారం చూసిన లేతరంగు పై ఆదివారానికి ఉండదు. ఆయన చెట్టు మీద కేకలేసేవాడు. "చెట్టుకి మీ వర్క్‌షాపు సైరన్ వినపడదయ్యా," అనేది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

చలికాలం ట్యూబుల్లో రంగు బిగుసుకుపోయి నొక్కితే బయటికొచ్చేది కాదు. ఆమె ట్యూబులన్నీ శాలువాలో పొదువుకుని వెచ్చబెట్టి, "ఏ రంగు కావాలి దొరగారికి?" అని ఒక్కొక్కటే అందించి, మళ్ళీ వెళ్ళి తన చోట కూర్చునేది.

మొదటి మూడు కాలాల బొమ్మల్లో ఆమెని వేశాడు. రెండు మూడు అద్దుళ్ళు, అంతే. శాలువాకి ఎరుపు, జుట్టుకి నలుపు. అంత పచ్చదనంలో ఆ చుక్క లేకపోతే బొమ్మ నిద్రపోయేది.

అప్పుడొచ్చాడు డ్రాయింగు మేష్టారు. ఊళ్ళో పిల్లలందరికీ కుండా చెంబూ గీయడం నేర్పిన మనిషి. మూడు బొమ్మలూ చూసి, "ప్రకృతి అంటే ప్రకృతే ఉండాలయ్యా. ఈ ఎర్రచుక్క ఎందుకు? కన్ను దానిదగ్గరే అతుక్కుపోతోంది," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా వినని మేస్త్రి ఆ ఒక్క మాటా విన్నాడు. ఆ సాయంత్రమే రంగుల కత్తితో మూడు చుక్కల్నీ అట్ట కనిపించేదాకా గోకేసి, మీద గడ్డి వేశాడు. లేత్ పనివాడి చెయ్యి, పని శుభ్రంగా జరిగింది.

చలికాలం బొమ్మ పూర్తయ్యాక నాలుగూ వరసగా తగిలించాడు. ఆమె ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, చివరిదాని దగ్గర ఆగింది.

"నేనేదీ?"

"మేష్టారు వద్దన్నాడు."

"అయితే మేష్టారి చేతే వండించుకో."

అలాగని వండకుండా మానలేదు. మరుసటి ఆదివారం గట్టుకి రాకుండానూ మానలేదు. కానీ వచ్చి ఆయన వెనక కూర్చుంది. ముందు కూర్చోమని ఆయన అడగలేదు. తొమ్మిదేళ్ళు అలాగే సాగింది. వెనకనుంచి దారం కొరికిన చప్పుడు వినిపించేది, మనిషి కనిపించేది కాదు. తర్వాత నాలుగు రోజుల జ్వరంతో పోయింది. మూడేళ్ళయింది.

ఫోటోలున్నాయి. అన్నింటిలోనూ ఎవరో పట్టుకొచ్చి నిలబెట్టినట్టు ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆయనకి కావలసింది అది కాదు. మడిచిన కాలూ, వంగిన వీపూ, దారం లాగినప్పుడు పక్కకి లేచే మోచెయ్యీ కావాలి. వాటికోసం మూడు బొమ్మల్నీ ఎన్నిసార్లు ఎండకి పెట్టి చూశాడో లెక్కలేదు. గోకిన చోట చదునుగా గడ్డి ఉంది. నాలుగోదాంట్లో వెతకనేలేదు. అప్పటికే మేష్టారు చెప్పేశాడు కదా, దాంట్లో వేసి ఉండననుకున్నాడు.

మంగళవారం పొద్దున్నే మరదలు వచ్చింది. భార్య చెల్లెలు, రెండిళ్ళ అవతల ఉంటుంది. చేతిలో ఇస్త్రీ చొక్కా.

"బావా, రేపు లైబ్రరీకి ఇది వేసుకో. ఆ ముడతల చొక్కాతో వెళ్ళి మా పరువు తియ్యకు."

మేస్త్రి తల ఎత్తలేదు. అట్ట ఒళ్ళో ఉంది. చేతిలో సన్న బ్లేడు.

"ఏం చేస్తున్నావ్?"

"పొద తీస్తున్నా."

"మతి పోయిందా? రేపు తగిలించాల్సిన బొమ్మ! ఇలాంటి గోడకోసం ఎన్నేళ్ళు కళ్ళు కాయలు కాచేలా చూశావ్?"

"కింద మీ అక్క ఉంది."

మరదలు చొక్కాని కుర్చీ మీద పెట్టింది. "ఉంటే ఎవరు తోశారట కిందకి?"

ఆయన బ్లేడు మొనని నెర్రెలోకి దూర్చాడు.

"బ్లేడు తప్పితే?"

"తప్పితే ఇదీ ఉండదు, అదీ ఉండదు. ఆ అద్దం పట్టుకుని కిటికీ వెలుగు ఇటు కొట్టు."

ఆమె సణుగుతూనే గోడ అద్దం దింపి పట్టుకుంది. పై పొర నెర్రెల వెంబడి ఉల్లిపొరలా లేచి వస్తోంది. షాపాయన తప్పన్నది తప్పే. ఆ తప్పే లేకపోతే రెండు పొరలూ కరుచుకుపోయి బ్లేడుకి లొంగేవి కావు. ఒక్కో పెచ్చు లేపడానికి ఆయన ఊపిరి ఆపుతున్నాడు. ఇనుములో వెంట్రుకవాసి తరిగిన చెయ్యి, ఇప్పుడు మోకాలికి ఆనించాల్సి వచ్చింది.

ముందు శాలువా బయటపడింది, దిట్టంగా, నూనె మెరుపు పోకుండా. తర్వాత పక్కకి లేచిన మోచెయ్యి. మరదలు చూడబోతే అద్దం పక్కకి తిరిగి వెలుగు గోడమీదికి పాకింది.

"సరిగ్గా పట్టు."

"పట్టుకున్నాన్లే. నువ్వు ముందు చూసుకో."

శాలువా పైన నల్లచుక్క రావాలి, జుట్టు. పెచ్చు లేచింది. నలుపు లేదు. గోధుమరంగు చుక్క, బియ్యపు గింజంత. బ్లేడు అట్టదాకా దిగిపోయిందనుకున్నాడు. వేలితో తడిమాడు. అట్ట కాదు, రంగే.

అప్పుడు గుర్తొచ్చింది.

ఆ రోజు చలి ఎముకలు కొరుకుతోంది. రంగు కదలడంలేదని నూనె ఎక్కువ పోశాడు. మేష్టారి మాట మరిచి, అలవాటు కొద్దీ శాలువా వేశాడు. జుట్టు వేయబోతుండగా ఆమె వెనక్కి తిరిగింది. "వేళ్ళు కొంకర్లు పోతున్నాయయ్యా. సూది ఎక్కడుందో తెలియడంలేదు. ఇంటికి పోదాం పద." జుట్టుకి బదులు మొహం, కంటికి కనిపించింది కనిపించినట్టు ఒక్క అద్దు అద్దాడు. అద్దాక మేష్టారి మాట గుర్తొచ్చింది. తీరిగ్గా గోకే వ్యవధి లేదు, ఆమె పిలుస్తోంది. టర్పెంటైనులో గోధుమరంగూ నలుపూ కలిపి మీద పొద వేసేశాడు. ఆమె పిలవకపోయి ఉంటే శుభ్రంగా గోకేసి ఉండేవాడు.

మరదలు అద్దం పక్కన పెట్టి వంగి చూసింది.

"కళ్ళూ ముక్కూ లేవేంటి బావా?"

"అంత దూరానికి కనపడవు."

"అటు తిరిగి ఉండాలిగా అక్క? ఎప్పుడూ అటేగా కూర్చునేది."

"ఇటు తిరిగింది. ఇంటికి పోదాం పద అంది."

"మరి వెళ్ళావా?"

మేస్త్రి బ్లేడుకి అంటిన రంగుని గుడ్డతో తుడిచాడు. రెండోవైపు కూడా తుడిచాడు.

"పొద వేసి వెళ్ళాను."

ఆమె అద్దాన్ని తీసుకెళ్ళి మేకుకి తగిలించి, అందులో చూసుకోకుండా ఇటు తిరిగి నిలబడింది.

సాయంత్రం షాపాయన లప్పం డబ్బాతో వచ్చాడు. అట్ట చూసి డబ్బా కింద పెట్టేశాడు. పొద సగం ఊడిపోయి ఉంది. చిరిగిన కంతలో ఎర్ర శాలువాతో ఎవరో కూర్చుని ఉన్నారు.

"ఇదేం ఘోరం మేస్త్రీ! రేపు నేనేం చెప్పాలి వాళ్ళకి? నాలుగు కాలాలూ ఉంటేనే గోడ ఇస్తామన్నారు."

"వద్దని చెప్పు."

"గోడో?"

"గడియారం తగిలించుకోమను."

షాపాయన మరదలి వైపు చూశాడు, ఏమైనా సర్దిచెబుతుందేమోనని. ఆమె ఇస్త్రీ చొక్కా మడత విప్పి, మళ్ళీ మడత పెడుతోంది.

"పోనీ దీన్నయినా బాగుచేయనివ్వండి," అన్నాడు చివరికి. "మిగిలిన పొద కూడా తీసేసి, అక్కడ గడ్డి వేస్తే చూడముచ్చటగా ఉంటుంది. అమ్మగారు హాయిగా గట్టు మీద కూర్చున్నట్టుంటుంది."

"ఫ్రేము కట్టు. వార్నిష్ వద్దు. పొదని ముట్టుకోకు."

"సగం ఊడిన పొదని పెట్టుకుని ఏం చేస్తారండీ?"

"అది నేను వేసింది," అన్నాడు మేస్త్రి. "ఉండనీ."